కాలువ గట్టు మీద ఏడో గంట

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక మా మేనకోడలు ఇంటికి వచ్చి, చేతిసంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన చిన్న వస్తువొకటి తీసి నా రాతబల్ల మీద పెట్టింది. మూట విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. నలభై ఏళ్ళుగా అది మా అక్క ఇంట్లో బియ్యం అడుగున ఉన్నదని నేనెరుగుదును. ఇళ్ళు మారాయి, మట్టికుండ పోయి రేకు డబ్బా వచ్చింది, అది మాత్రం బియ్యం అడుగునే ఉండిపోయింది. అక్క పోయి మూడు నెలలైంది. ఇల్లు ఖాళీ చేస్తూ డబ్బా బోర్లిస్తే కిందపడిందనీ, ఇంట్లో ఉంచుకోవాలంటే మనసొప్పడం లేదనీ, పారేద్దామంటే చేతులు రావడం లేదనీ చెప్పి, మీ దగ్గర ఉండనివ్వండి మామయ్యా అని, ఇచ్చిన కాఫీ కూడా సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

అది సైకిలు గంట. ఇత్తడిది. దాని వయసు మా మేనకోడలి వయసుకు రెండేళ్ళైనా ఎక్కువ. వారం రోజులుగా అది నా ఎదుటే ఉంది, ఇంతవరకూ నేను దాన్ని మోగించలేదు. పనిమనిషి బల్ల తుడవడానికి వస్తే ముందు నేను దాన్ని తీసి చేత్తో పట్టుకుంటున్నాను, పొరపాటున ఆవిడ చెయ్యి తగిలి మోగుతుందేమోనని. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు దయ్యాలు లేవని పాఠాలు చెప్పిన మనిషిని, ఈ వయసులో ఒక ఇత్తడి మూతకు భయపడుతున్నానంటే నాకే నవ్వొస్తుంది. నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

ఇప్పుడు రాజమండ్రిలో సైకిలు లేని గుమస్తా లేడు. పాలవాడికుంది, టపా బంట్రోతుకుంది, ఇన్నీసుపేటలో గంటకింతని అద్దెకిచ్చే షాపులున్నాయి. మేం సైకిలెక్కిన రోజుల్లో, అంటే గోదావరి మీద రైలు వంతెనకు ఇంకా స్తంభాలు లేపుతున్న రోజుల్లో, ఊరు మొత్తానికి పట్టుమని పది బళ్ళు లేవు. దొరలు దేశం వెళ్ళిపోతూ అమ్మేసినవీ, అమ్ముడుపోక వదిలేసినవీ మాలాంటి వాళ్ళ చేతికి వచ్చేవి. మా బావకు మిషనులో ఒక దొర పోతూ పోతూ ఇచ్చిపోయింది, నాకు కాలువల ఆఫీసులో ఒక ఓవర్సీరు వదిలించుకున్నది. పంచె ఎగగట్టి, తలపాగా బిగించి మేం వీధిన పడితే ఎడ్లు కాడి తెంపుకునేవి, నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దింపుకుని మరీ నవ్వేవారు. ఒక ముసలాయన మమ్మల్ని ఆపి, రెండు చక్రాలూ పక్కపక్కన ఉండాలి గాని ఒకదాని వెనక ఒకటి ఉంటే ఎలా నిలుస్తుంది బాబూ అని ఎంతో జాలిగా అడిగాడు. ఆయనకు జవాబు చెప్పడానికి దిగి, మళ్ళీ ఎక్కడం చేతగాక నేను అర మైలు తోసుకుంటూ పోయిన సంగతి మా బావ ఏడాది పాటు చెప్పుకుని నవ్వాడు.

బావ అంటే మా అక్క భర్త. మిషను బడిలో లెక్కల మాస్టారు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మా నాన్నా పోయాక నన్ను తమ ఇంట్లో ఉంచుకుని చదివించి, అదే బడిలో చిన్న తరగతులకు నన్ను మాస్టారుగా పెట్టించినవాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. నడుస్తుంటే ఏదో పాట వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచేవాడు. అంత మంచివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఈ మాట పోయినవాళ్ళందరి గురించీ అంటారు గాని, నేను ఊరికే అనడం లేదు.

ఊళ్ళో సైకిళ్ళున్న ఏడుగురం కలిసి క్లబ్బు పెట్టుకున్నాం. దానికి పెద్ద పేరేమీ లేదు, సైకిలు క్లబ్బనే అనేవాళ్ళం. కాలువల ఆఫీసులో ప్లానులు గీసే ఒక నడివయసు బ్రాహ్మణాయనను కెప్టెన్ను చేసుకున్నాం, నిజానికి ఆయనే అయ్యాడు, మేం తలూపాం. తక్కిన నలుగురూ కచ్చేరీ గుమస్తాలు. అందరికీ ఖాళీ ఆదివారమే. అయితే బావకూ నాకూ పదింటికల్లా చర్చిలో ఉండకపోతే పాదిరిగారు ఊరుకునేవారు కాదు. అందుకని మా ఇద్దరి కోసం మిగతా అయిదుగురూ అయిదింటికే లేచి వచ్చేవారు. తెలతెలవారుతుండగా బయలుదేరి, ధవళేశ్వరం మీదుగా కాలువ గట్టెక్కి, కడియం లాకుల దాకా పోయి, లాకు బంట్రోతు ఇంట్లో వేడి పాలు తాగి, తొమ్మిదిన్నరకు ఊళ్ళో పడేవాళ్ళం. ఎండాకాలంలో సెలవు దొరికితే ద్రాక్షారామం దాకా కూడా పోయాం. మా అయిదుగురు స్నేహితులూ కోనేట్లో కాళ్ళు కడుక్కుని భీమేశ్వరుణ్ణి చూసి వస్తే, మేమిద్దరం బళ్ళకు కాపలా ఉన్నాం. ఎవరికీ పట్టింపుల్లేవు. అంత పొద్దున్నే మేం గట్టు మీద ఉండటానికి, అంత మంచులో పడి పోవడానికి మా చర్చి గంటే కారణమని మాత్రం తరవాత చాలాసార్లు అనుకున్నాను.

చలికాలం కాలువ గట్టు మీద మంచు ఎలా ఉంటుందో డెల్టావాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేలు, రెండింట్లోంచీ లేచి మధ్యలో కలుసుకుంటుంది. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడవు. గట్టు మీద పడవలు లాగేవాళ్ళ కాలిదారి తప్ప లేదు, పక్కపక్కన పోవడానికి వీల్లేదు. అందుకని కెప్టెనుగారు ఒక పద్ధతి పెట్టాడు. ఒకరి వెనక ఒకరం, ఇరవై అడుగుల ఎడంలో పోవాలి. కాలువవాళ్ళు పాతిన మైలురాయి వచ్చినప్పుడల్లా ముందున్న కెప్టెను గంట కొడతాడు, వెంటనే రెండోవాడు, తరవాత మూడోవాడు, అలా చివరిదాకా. ఏడు గంటలు వినబడితే ముందుకు సాగుతాం, ఒకటి తగ్గితే అందరం దిగిపోవాలి. గంట లేని బండి గట్టెక్కడానికి వీల్లేదు. రెండుసార్లు వెనకబడి లెక్క తప్పించినవాడి పేరు పట్టీలోంచి కొట్టేస్తారు. ప్లానులు గీసే మనిషి కదా, అన్నీ గీత గీసినట్టుండాలి. మంచులో ఆ గంటల వరస వింటుంటే ఎంత బాగుండేదో చెప్పలేను. ఎవరి గంట ఏదో అందరికీ తెలిసేది. ముందు కెప్టెనుగారిది బొంగురుగా మోగేది, ఆరోది నాది కాస్త గట్టిగా, ఏడోది మా బావది, సన్నగా మోగి చివర వణికేది. దాని లోపల ఎక్కడో బీట ఉండేది.

రెండో ఏడు వానలు వెనకబట్టాక బావకు ఆయాసం మొదలైంది. బడిలో నల్లబల్ల దగ్గర నిలబడి లెక్క మధ్యలో ఆగిపోయేవాడు. దగ్గు వస్తే కిటికీ దగ్గరకు పోయి బయట ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. ఆ రోజుల్లో క్షయ అన్న మాట బయట పడితే బడిలో ఉంచరు, పిల్లల్ని పంపరు, పలకరించేవాళ్ళు కూడా వాకిట్లోంచే పలకరిస్తారు. ఆదివారం ఆదివారం పద్దెనిమిది మైళ్ళు సైకిలు తొక్కి వచ్చే మనిషికి ఆ జబ్బుందని ఎవరనుకుంటారు? అందుకని క్లబ్బు పట్టీలో పేరున్నంతకాలం తనకేమీ లేదని ఊరు నమ్ముతుందని బావ లెక్క. లెక్కల మాస్టారు వేసిన లెక్క అది, నేనూ దానికి తలూపాను.

నేను చేసిన పని ఇదే. బావ వెనకబడినప్పుడు అతని గంట కూడా నేనే కొట్టేవాణ్ణి. కుడి బొటనవేలితో ముందు నా గంట గట్టిగా కొట్టి, ఒక క్షణం ఆగి, ఎడమ అరచెయ్యి గంట మీద దొప్పలా పట్టి మళ్ళీ మెల్లగా నొక్కితే, సన్నగా, వెనక ఇరవై అడుగుల దూరం నుంచి వచ్చినట్టే వినపడేది. ఆ చివరి వణుకు ఒక్కటే నాకు పట్టుబడలేదు. లాకుల దగ్గరకు చేరాక పది నిమిషాలకు బావ వచ్చేవాడు, చెప్పులో ముల్లు దిగిందనో, గొలుసు ఊడిందనో ఏదో ఒకటి చెప్పేవాడు. ఇలా రెండు నెలలు గడిపాం. మా ఇద్దరికీ తప్ప ఇది ఎవరికీ తెలియదు. అప్పట్లో దీన్ని ఒక చిలిపి పనిగా అనుకున్నాను గాని, పాపమని తోచలేదు.

జనవరిలో ఒక శనివారం సాయంత్రం అక్క నన్ను పెరట్లోకి పిలిచి, బావ చేతిరుమాలు చూపించింది. నేను చూసి ముఖం తిప్పుకున్నాను. ఆవిడ ఏడవలేదు. రేపు ఆయన రారులే, రాకుండా నేను చూసుకుంటాను, నువ్వు మాత్రం ఏమీ తెలియనట్టు వెళ్ళిరా అంది. ఎలా చూసుకుంటావని నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి బావ పడుకునే ఉన్నాడు. నేను చప్పుడు కాకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాను. ఆ రోజు పడ్డంత మంచు నేను మళ్ళీ చూడలేదు. ఆరుగురమే బయలుదేరాం. ధవళేశ్వరం దాటి గట్టెక్కుతుండగా వెనకనుంచి గొలుసు కిర్రుమంటున్న చప్పుడు వినిపించింది, అది బావ బండిదే. నేనూ వచ్చేశానండీ అని బావ కేకేస్తే, ముందునుంచి కెప్టెనుగారు సరే, ఏడుగురం అని జవాబిచ్చాడు. బండ్లు చూడటం, గంటలు చూడటం ఊళ్ళోనే అయిపోయింది గనక మళ్ళీ ఎవరూ దిగలేదు.

బావ నా దగ్గరగా వచ్చాడు. మంచులో మనిషి ఆకారం తప్ప ముఖం తెలియలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, తడిబట్ట పిండుతున్నట్టు.

"ఏమోయ్, ఈ ఒక్క రోజుకీ నా గంట నువ్వే కొట్టు. వచ్చే వారం నుంచి అడగనులే" అన్నాడు.

నాకు కోపంగా ఉంది. అక్క చూపించిన రుమాలు కళ్ళలో మెదులుతోంది. ఈ రోజు కొట్టకూడదు అని నిశ్చయించుకున్నాను. లెక్క తప్పాలి, కెప్టెను దిగాలి, అందరూ చూడాలి, ఆ తరవాత ఏం జరిగితే అది జరుగుతుంది, మనిషన్నా దక్కుతాడు అనుకున్నాను. ఈ నిశ్చయం నేను చేసుకున్నానన్నది మాత్రం నిజం. దేవుడి ఎదుట కూడా ఈ మాట చెప్పగలను.

మొదటి మైలురాయి వచ్చింది. గంటల వరస మొదలై నా దాకా వచ్చింది, నేను నాది కొట్టి ఊరుకున్నాను. చేతులు పిడి మీద బిగించి పట్టుకున్నాను. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత నా వెనక సన్నగా ఏడో గంట మోగింది. నా గుండె కుదుటపడింది, తనే కొట్టుకున్నాడులే, ఓపిక ఉన్నట్టుంది అనుకున్నాను. ముందుకు సాగాం. కాసేపటికి గొలుసు కిర్రుమనే చప్పుడు వినపడటం మానేసింది. రెండో రాయి దగ్గర మళ్ళీ అంతే, నాది మోగాక ఒక క్షణం ఆగి ఏడోది. ఈసారి అది ఇంకా దగ్గరగా మోగినట్టనిపించింది. మూడో రాయి దగ్గర సరిగ్గా నా భుజం పక్కనే మోగింది. గట్టు మీద పక్కపక్కన పోయే చోటు లేదని తెలిసి కూడా, బావా, ముందుకు రాకు, నీళ్ళలో పడతావు అని తల తిప్పాను. మంచు తప్ప ఏమీ లేదు. గొలుసు చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు లేదు. అయినా దిగలేదు. ఏడూ మోగాయి కదా, దిగితే ఏమని చెప్పను?

లాకుల దగ్గర ఆరుగురం దిగాం. పాలు కాగేదాకా చూశాం. పావుగంట గడిచింది, మంచు పలచబడింది, గట్టు మీద చాలా దూరం కనపడుతోంది, ఎవరూ రావడం లేదు. కెప్టెనుగారు బండెక్కి వెనక్కి తిరిగాడు. దారిలో ఒక జాలరి గట్టు వార వల ఆరేసుకుంటున్నాడు. ఇటు ఎందరు వెళ్ళారని కెప్టెను ఆపి అడిగితే, ఏడుగురండి, గంటలు లెక్కెట్టానండి అన్నాడు. అతను నిలబడ్డ చోటు రెండో మైలురాయి దగ్గర, ఊరి వైపు.

బావ దొరికింది మొదటి రాయి దాటిన కొద్ది దూరంలోనే. బండి గట్టు వాలులో పడి ఉంది. తను అంచున బోర్లాపడి ఉన్నాడు, తలా భుజాలూ మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాయి. ఊపిరందక తూలి జారి ఉంటాడనీ, అప్పుడే ఎవరన్నా పైకి లాగి ఉంటే బతికేవాడే అనీ మిషను డాక్టరుగారు తరవాత చెప్పారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు. ఆ మాట మా ఇంట్లో ఇద్దరి మీద పడింది.

బావను ఒక పడవలో పడుకోబెట్టాక, బండిని పైకి లాగుతూ కెప్టెనుగారు ఆగిపోయాడు. పిడి మీద గంట లేదు. గంట బిగించే చోట ఇనుము మీద గుండ్రంగా తెల్లటి మచ్చ మాత్రం ఉంది. పడినప్పుడు ఊడి ఉంటుందని గడ్డంతా వెతికారు, పడవవాళ్ళు నీళ్ళలో దిగి కాళ్ళతో తడిమారు. దొరకలేదు. ఊడిపోయింది కాదనీ, మరలు విప్పి తీసిందనీ కెప్టెనుగారికి చూడగానే తెలిసినట్టుంది, కాని ఆయన నోరు విప్పలేదు.

ఇంటికి తెచ్చాం. అక్క గుమ్మంలోంచి చూసింది. చంటిపిల్లను పక్కింటావిడ చేతికిచ్చి, తిన్నగా వంటింట్లోకి పోయి, బియ్యం కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గంట తీసి తెచ్చింది. గంట లేనిదే క్లబ్బువాళ్ళు గట్టెక్కనివ్వరని రాత్రి తనే విప్పి దాచిందట. దాన్ని బావ చేతిలో పెట్టి, "ఇది ఉంటే మీరు కొట్టేవారు కదా, వాళ్ళు ఆగేవారు కదా" అంది.

వాకిట్లో నిలబడ్డ అయిదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కెప్టెనుగారు ముందుకు వచ్చాడు. మూడు రాళ్ళ దగ్గరా తన చెవులారా విన్నాననీ, అది మాస్టారి గంటేననీ, చివరి వణుకుతో సహా విన్నాననీ ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. తక్కిన వాళ్ళూ అవునన్నారు. నేనూ అవునన్నాను.

ఆ తరవాతి ఆదివారం మేం ఆరుగురం ఒకసారి గట్టు మీదికి వెళ్ళాం, బావ పడిన చోట నాలుగు బంతిపూలు వదిలి వద్దామని. అప్పుడూ మంచే. మొదటి రాయి దగ్గర అలవాటుగా కెప్టెను గంట కొట్టాడు, వరసగా అయిదుగురం కొట్టాం. నాదే ఆఖరు. ఆరు మోగాయి, ఉన్నది ఆరుగురమే, సాగిపోవాలి. ఎవరూ కదలలేదు. అందరం కాలు నేలకానించి నిలబడి వింటున్నాం. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. ఏమీ మోగలేదు. మోగనందుకు ఊరట కలిగిందో, దిగులు కలిగిందో ఇప్పటికీ చెప్పలేను. కెప్టెనుగారు బండి తిప్పాడు, మేమూ తిప్పాం, ఆ తరవాత క్లబ్బు లేదు. ఆయన బండి అమ్మేశాడని విన్నాను. నేను నాది మిషనువాళ్ళకు ఇచ్చేశాను, మళ్ళీ సైకిలెక్కలేదు.

అక్క మిషనులో కుట్టుపని నేర్పుతూ కూతుర్ని చదివించింది. మనిషి నిబ్బరమైనది, ఎవరి దగ్గరా కన్నీళ్ళు పెట్టుకునేది కాదు. కాని మీ నాన్నను నేనే చంపుకున్నానమ్మా అనే మాట మా మేనకోడలు ఊహ తెలిసినప్పటినుంచీ వింటూ పెరిగింది. గంట దాచాను, ఆయన పిలవలేకపోయాడు, ఇదే ఆవిడ నమ్మకం. ఎన్నోసార్లు నన్ను అడిగింది, నిజంగా గంట వినపడిందా తమ్ముడూ అని. వినపడిందక్కా అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కాని రెండు నెలలపాటు ఆ గంట ఎవరు కొట్టారో నేను ఆవిడకు చెప్పలేదు. చెబితే తక్కినది ఆవిడే ఊహించుకునేది.

ఇంకోటి ఉంది. దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు లాకుల దగ్గర దిగి పాలగ్లాసు నోటిదాకా ఎత్తినప్పుడు నా ఎడమ అరచేతిలో ఇత్తడి వాసన వచ్చింది. చెయ్యి చూసుకుంటే మధ్యలో గుండ్రంగా తడి ఉంది. పిడి ఇనుముది. ఇత్తడి ఉన్నది గంట ఒక్కటే. నేను కొట్టకూడదనే అనుకున్నాను, చేతులు బిగించి పట్టుకున్నట్టే నాకు గుర్తు, కాని రెండు నెలలు చేసిన పని చెయ్యి మరిచిపోతుందా? నేనే కొట్టి ఉంటే బావ మొదటి రాయి దగ్గర నీళ్ళలో ఉండగా, ఏడుగురం ఉన్నామని రెండుసార్లు అబద్ధం చెప్పి అందరినీ ముందుకు నడిపించింది నేనే. నేను కొట్టకపోతే మరి ఎవరు కొట్టారు? ఈ రెండింట్లో నాకు దయ్యమే నయమనిపించింది. బడిలో దయ్యాలు లేవని చెబుతూ, ఇంటికి వచ్చి ఆ ఒక్క దయ్యాన్ని పట్టుకుని బతికాను.

పదిహేనేళ్ళ తరవాత మిషను పని మీద పడవలో పోతూ ఆ జాలరిని మళ్ళీ చూశాను. ముసలివాడయ్యాడు గాని నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు ఏడుగురూ కనపడ్డారా, గంటలే విన్నావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

అతను వల పక్కన పెట్టి, "ఆరుగురు కనపడ్డారండి. ఆఖరున మీరేనండి. మీరు ఎల్లిపోయాక గంట ఇనపడిందండి, బండి కనపళ్ళేదండి. మంచులో దాగుందనుకున్నానండి" అన్నాడు.

ఆ మాట విని ఒక వారం హాయిగా నిద్రపోయాను. ఆ తరవాత అతను చూసినది చెప్పాడో, నేను వినాలనుకున్నది నా ముఖంలో చదివి చెప్పాడో అని అనుమానం పట్టుకుంది. కెప్టెనుగారు విన్నానన్న ఆ చివరి వణుకు నాకూ గుర్తున్నట్టే ఉంటుంది. అది నేను విన్నదో, ఆయన చెప్పాక వచ్చి చేరిందో ఇన్నేళ్ళ తరవాత ఎలా తేలుతుంది?

పోయే ముందు రోజు కూడా అక్క ఆ ప్రశ్నే అడిగింది. మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాను. వినపడిందక్కా అని మాత్రం అన్నాను. "అయితే ఆయన పిలిచే ఉంటార్రా, నేను గంట తీసేసినా పిలిచారు" అని కళ్ళు మూసుకుంది. ఆ మాటతో నన్ను ఓదార్చాననుకుందో, తను ఓదార్పు పొందిందో నాకు తెలియదు. నలభై ఏళ్ళలో ఒక్కసారి నోరు విప్పి ఉంటే, గంట నీ దగ్గరున్నా అతని చేతిలో ఉన్నా ఒకటేనక్కా, దాన్ని కొట్టే పని నేను తీసేసుకున్నాను అని చెప్పి ఉంటే, ఆవిడ సగం బరువన్నా దించుకుని పోయేది. పిరికితనం తప్ప దీనికి ఇంకో పేరు లేదు.

పొద్దున్నే మా వీధిలో ఇప్పుడు సైకిళ్ళు గుంపులుగా పోతాయి, మండపేట వైపు మిల్లుల్లో పనికి పోయేవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, అందరూ ఒక్కసారే గంటలు కొడతారు, ఎవరి తోవ కోసం వాళ్ళు. వెనకవాడు ఉన్నాడా లేడా అని ఆగి వినేవాళ్ళు లేరు, వినక్కర్లేదు కూడా, గట్టు మీద కంకర రోడ్డు పడింది, దీపాలు వచ్చాయి, పడిపోతే చూసేవాళ్ళు పదిమంది ఉన్నారు. మంచిదే. అయినా కిటికీ దగ్గర కూర్చుని నేను లెక్కపెడుతూనే ఉంటాను, ఆఖరివాడు పోయాక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వింటాను. ఏడుగురి కోసం ఏడుగురు ఆగిన కాలం నాతోపాటు ఇంకెవరికన్నా గుర్తుందో లేదో. కెప్టెనుగారూ లేరు, తక్కిన నలుగురూ లేరు.

వచ్చే ఆదివారం మేనకోడల్ని భోజనానికి పిలిచాను. ఈ కాగితాలు ముందు ఆమెకే చదివి వినిపిస్తాను. చదివాక ఈ గంట ఆమె చేతికిచ్చి మోగించమంటాను. చిలుము పట్టి మోగకపోయినా, ఏ మోత మోగినా, ఆ రోజు ఏడో గంట కొట్టింది నేనేనమ్మా, మీ అమ్మ చేసిన తప్పేమీ లేదు అని చెబుతాను. ఒకవేళ అది మోగి, చివర సన్నగా వణికి, ఆనాడు నా భుజం పక్కన మోగింది అదేనని నాకు తెలిసిపోతే, ఆ సంగతి మాత్రం ఆమెకు చెప్పను.